తిన్న చెంచాలు, గాలం చెంచాలు

ఆవిడ: ఏమండీ, సింకు దగ్గర ఏం చేస్తున్నారు?

ఆయన: చెంచాలు కడుగుతున్నా.

ఆవిడ: (ఆశగా వచ్చి, తొంగిచూసి) ఓహో, ఇవా! పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో తిన్న చెంచా ఒక్కటి కడిగిన పాపాన పోలేదు. గాలం చెంచాలకు మాత్రం స్నానాలూ, తుండుగుడ్డలూనూ!

ఆయన: చేపలకు ఎరగా సముద్రంలో వేసిన లోహపు చెంచాలివి. మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టకపోతే కొక్కేలు తుప్పు పట్టిపోతాయి.

ఆవిడ: అయినా ఇన్నెందుకు?

ఆయన: అదిగో, అలా అడుగు, చెప్తా. ఇది చూడు, సన్నగా, పొడుగ్గా, మందంగా ఉంది. అరవై గ్రాములు. ఎదురుగాలిలో కూడా దూసుకుపోతుంది, అలల్లో చటుక్కున మునుగుతుంది. ఈ వెడల్పాటి పలచది నీళ్ళలో బ్రహ్మాండంగా ఊగుతుంది గానీ, గాలి ఉంటే ఎండుటాకులా పక్కకి కొట్టుకుపోతుంది.

ఆవిడ: ఈ రంగులు?

ఆయన: తేట నీళ్ళకు, ఎండకు వెండి. మబ్బు పట్టినా, నీళ్ళు కలక బారినా బంగారం.

ఆవిడ: చేపలకు వెండీ, బంగారమూ రెండూనా! నేనడిగితే మాత్రం ఇప్పుడెందుకంటారు.

ఆయన: ఇది వట్టి పూతే.

ఆవిడ: నాకు కొన్నదీ అదేగా.

(ఆయన ఉన్నట్టుండి చెంచాలు తుడవడంలో మునిగిపోయాడు.)

ఆవిడ: ఇంతకీ చెంచా చూసి చేప ఎందుకొస్తుందండీ? వడ్డిస్తారనా?

ఆయన: వెక్కిరించకు. అమెరికాలో వెర్మాంట్ అనే చోట జూలియో బ్యూల్ అని ఒకాయన ఉండేవాడు. పడవలో తింటూంటే చెంచా జారి నీళ్ళలో పడిందని చెబుతారు. అది మిలమిలా మెరుస్తూ, ఊగుతూ మునుగుతుంటే చేప వచ్చి గుటుక్కున పట్టిందట. అంతే, చెంచాకు కొక్కెం తగిలించాడు. 1852లో పేటెంటు కూడా తీసుకున్నాడు.

ఆవిడ: వాళ్ళావిడ ఏమీ అనలేదా?

ఆయన: ఆ సంగతి ఎవరూ రాయలేదు.

ఆవిడ: ఎందుకు రాస్తారు! మనింట్లో ఆరు చెంచాలకు నాలుగే మిగిలాయి. అదీ ఎవరూ రాయరు.

ఆయన: అది... ప్రయోగం.

ఆవిడ: సరే, నిన్న ఎన్ని పడ్డాయి?

ఆయన: నిన్న గాలి బాలేదు.

ఆవిడ: గాలికేం, బాగానే ఉంది. ఒడ్డున కూర్చుని అంతా చూశాను. వెనక ఎవరో తరుముతున్నట్టు రీల్ చుట్టేశారు. ఆ చెంచా ఊగడం మానేసి బొంగరంలా గిరగిరా తిరిగింది. దారమంతా మెలిపడింది. రాత్రి కూర్చుని చిక్కు తీసిందెవరు?

ఆయన: దారం మెలిపడకుండా తిరిగే కొలికి, అదే స్వివెల్, పెట్టడం మర్చిపోయాన్లే.

ఆవిడ: పెట్టినా అంతే, ముందు చుట్టే పద్ధతి మార్చుకోవాలి. మీ కథలో చేప చెంచాను ఎప్పుడు పట్టింది? మునుగుతున్నప్పుడు. మరి మీరు దాన్ని మునగనిస్తేగా! కాస్త చుట్టి, ఆపి, జారనివ్వండి. మళ్ళీ చుట్టండి.

ఆయన: (గొణుగుతూ) నిజమే... ఆపినప్పుడే లాగుతుందంటారు.

ఆవిడ: ఇంకోటి. అలలు విరిగే ఇసుకమేట ఉందా, దానికీ ఒడ్డుకీ మధ్య నీళ్ళు ముదురుగా, లోతుగా కనిపిస్తాయి కదా. చిన్నచేపలు బెదిరి ఎగిరింది అక్కడ. మీ చెంచా వాటి నెత్తిమీదుగా పోయి ఎక్కడో పడింది.

ఆయన: ఎంత దూరం విసిరానో చూశావా మరి!

ఆవిడ: చూశా. చేపలు కూడా చూసే ఉంటాయి.

ఆయన: ఇదంతా అప్పుడే చెప్పొచ్చుగా?

ఆవిడ: నోరు తెరిచా. “నీకేం తెలుసు, వెనక్కి జరుగు, కొక్కెం తగుల్తుంది” అన్నారు. తీరా అది తగులుకుంది మీ చొక్కాకే.

ఆయన: మూడు కొనలది కదా, ఊరికే పట్టేస్తుంది.

ఆవిడ: దాన్ని పీకి ఒంటి కొక్కెం పెట్టండి. నాచు అంతగా పట్టదు, చేపను వదిలేయాలన్నా సులువు. చొక్కాలూ మిగుల్తాయి.

ఆయన: (కాసేపాగి) రేపు నువ్వూ రారాదూ? ఓ పది సార్లు నువ్వే విసురు.

ఆవిడ: వస్తాను. అవతల పక్క గిన్నెలో తిన్న చెంచాలు నాలుగున్నాయి, చూశారా?

ఆయన: వాటిని నేనేం ముట్టుకోలేదే!

ఆవిడ: అదే చెప్తున్నా. వాటికి కొక్కేలు లేవు, భయపడకుండా తోమండి.