తీర్థానికి చందా.. ఊరి నోటికి తాళం

అనకాపల్లి జిల్లా పరవాడ, అచ్యుతాపురం పరిసరాల్లో అమ్మవారి తీర్థానికి, అంటే జాతరకు, వెళ్తే ముందు ఫ్లెక్సీ కనిపిస్తోంది, తర్వాతే అమ్మవారు. ఓ మూల చిన్నగా అమ్మవారి బొమ్మ, నడిమధ్యన ఫార్మా కంపెనీ లోగో, కింద వరసగా ఊరి పెద్దల ఫొటోలు. బాణసంచా కంపెనీదే, డ్యాన్స్ ప్రోగ్రాం కంపెనీదే, మజ్జిగ చలివేంద్రం కంపెనీదే. పండగ మర్నాడు పెట్టే ఉచిత వైద్య శిబిరానికీ అదే బ్యానర్ విప్పి కడతారు.

ఒక ఊరి సంగతి చెప్పాలి. పేరు రాయడం లేదు, అక్కడి కుర్రాళ్లను నలుగురిలో దోషులుగా నిలబెట్టడం మాకు ఇష్టం లేదు. ఏడాది కిందట ఆ ఊరి యువజన సంఘం, రాత్రి పది దాటాక వచ్చే ఘాటు వాసన భరించలేక కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టింది. ఈసారి తీర్థంలో ఆ కుర్రాళ్లే కంపెనీ పేరున్న టీషర్టులు తొడుక్కుని వచ్చినవాళ్లకు మజ్జిగ పోస్తున్నారు. వాసన తగ్గలేదు. అర్జీ ఏమైందో కనుక్కున్నవాళ్లు లేరు. ఆ మాట ఎత్తితే ఒక కుర్రాడు జవాబు చెప్పకుండా గ్లాసులు సర్దుకుంటూ ఉండిపోయాడు. పండగంతా వాళ్ల డబ్బుతో చేసుకుని మళ్లీ వాళ్లనే ఎలా నిలదీస్తాం అన్న మొహమాటం అతని మొహంలో కనబడుతూనే ఉంది. ఆ మొహమాటమే మమ్మల్ని భయపెడుతోంది. అడగాల్సినవాడే పుచ్చుకున్నవాడైతే ఇక అడిగేదెవరు?

అసలు ఆ ఫ్లెక్సీ ఎవరి కోసం? సబ్బుల కంపెనీయో సిమెంటు కంపెనీయో జాతరలో బ్యానర్ కట్టిందంటే అర్థముంది, చూసినవాళ్లలో పదిమంది రేపు షాపుకెళ్లి ఆ సరుకే అడుగుతారు. మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ కంపెనీకి ఊళ్లో గిరాకీ ఏముంటుంది? దాని సరుకు డ్రమ్ముల్లో, సంచుల్లో నింపి వేరే మందుల కంపెనీలకు వెళ్తుంది, చాలావరకు ఓడెక్కి విదేశాలకు పోతుంది. తీర్థానికొచ్చిన వేలమందిలో ఒక్కరూ కిలో కూడా కొనరు. కొనేవాడే లేనిచోట ప్రచారానికి లక్షలు పోస్తున్నారంటే, ఊరి దగ్గర కంపెనీకి కావలసింది మరొకటేదో ఉందని చెప్పడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఊరు నోరు మూసుకుని ఉంటే చాలు.

ప్రభుత్వాలు చెయ్యని పని కంపెనీలు చేస్తున్నాయని, మంచినీళ్ల ప్లాంటు పెట్టినవాళ్లని తప్పుపట్టకూడదని వాదించేవాళ్లున్నారు. ప్లాంటు అవసరమే, మేమూ కాదనం. కానీ బోరు నీళ్లు తాగడానికి పనికిరాకుండా ఎందుకు పోయాయి అన్న ప్రశ్న, ఆ ప్లాంటు దగ్గర టిన్ను పట్టుకుని క్యూలో నిలబడ్డ మనిషి నోటి నుంచి రాకుండా పోతేనే తంటా.

పైగా దాత ఎవరు? 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్ల రూపాయలో, టర్నోవర్ 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ ఏదైనా గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) కింద ఖర్చుపెట్టి తీరాలి. తాము పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. ఎగ్గొడితే జరిమానా. బడికి బల్లలు, ఆస్పత్రికి మంచాలు ఆ పద్దులోంచి వచ్చాయంటే అది చట్టం ప్రకారం కట్టాల్సిన బాకీ. బాకీ తీర్చినవాడికి గ్రానైట్ పలకమీద ‘దాత’ అని చెక్కి దండ వేస్తున్నాం!

తీర్థం ఖర్చయితే ఆ పద్దులోకి కూడా రాదు. మారథాన్లు, అవార్డులు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్ లాంటి ఒక్కపూటతో అయిపోయేవి సీఎస్‌ఆర్ కాదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. మార్కెటింగ్ లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌ను 2021 నిబంధనలు సీఎస్‌ఆర్ నిర్వచనంలోంచే తీసేశాయి. మరి బాణసంచా డబ్బు ఏ పద్దు కింద రాస్తున్నారు? ఏ కమిటీ చేతికి, ఎంత ఇచ్చారు? పంచాయతీ ఆఫీసు గోడమీద ఈ లెక్క ఎందుకు కనిపించదు?

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నామంటే, ఊరికి అడిగే అవకాశాలే బహు తక్కువ. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు, కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత, మొత్తం వీడియో రికార్డింగ్. సామాన్యుడు మైకు పట్టుకుని అధికారుల ముందు తన బాధ చెప్పుకునేది ఆ ఒక్కపూటే. ఆమోదం పొందిన పారిశ్రామిక పార్కుల లోపల పెట్టే ప్రాజెక్టులకు ఆ ఒక్కపూట కూడా అక్కర్లేదని అదే నోటిఫికేషన్ మినహాయించింది. అలాంటి పార్కును ఆనుకుని బతికే ఊళ్లకు మిగిలింది అర్జీ ఒక్కటే. ఆ అర్జీ కాస్తా మజ్జిగ గ్లాసుతో సరిపెట్టేస్తే ఇంకేం మిగిలింది?

అడగకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి వేరే చెప్పాలా? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్)లోని ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది కార్మికులు చనిపోయారు. పరవాడ ఫార్మాసిటీ పక్కనున్న తాడి గ్రామస్తులు తమ ఊరిని వేరేచోటికి తరలించమని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. 2025లో నక్కపల్లి మండలం రాజయ్యపేట మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ రోడ్డెక్కారు. వాళ్ల వాదన మొత్తం ఒప్పుకోనక్కర్లేదు, కానీ వాళ్లు అడుగుతున్నారు. ఆ అడిగే నోరు ఉండబట్టే ఆ ఊళ్ల పేర్లు రాజధాని దాకా వినబడ్డాయి.

అందుకే మా మాట సూటిగా చెబుతున్నాం. ప్రజాభిప్రాయ సేకరణకు నోటీసు పడిన రోజు నుంచి అది ముగిసేదాకా ఆ కంపెనీ ఆ ఊళ్లలో ఏ పండగకూ, ఏ టోర్నమెంటుకూ, ఏ శిబిరానికీ రూపాయి ఇవ్వకుండా కలెక్టర్ ఆర్డర్ వెయ్యాలి. కాలుష్యం మీద అర్జీ పెండింగ్‌లో ఉన్నచోటా ఇదే వర్తించాలి. మిగతా రోజుల్లో ఏమి ఇచ్చినా గ్రామసభలో చెప్పి, పంచాయతీ లెక్కల్లో రాసి ఇవ్వాలి. కమిటీ పెద్దల చేతిలో కవరు పెట్టే పద్ధతి పోవాలి. ఒక ఊళ్లో చెల్లింది కాబట్టి పక్క ఊళ్లోనూ ఇదే ఆనవాయితీ అవుతోంది. కంపెనీ రాకముందు ఆ తీర్థాలు ఇంటింటి చందాతోనే జరిగాయన్నది ఊరి పెద్దలకు మేం గుర్తు చేయాల్సి రావడమే బాధగా ఉంది.

ఇక అధికారుల సంగతి. పోలీస్ స్టేషన్‌కు కుర్చీలు, ఆఫీసుకు ఏసీ, క్రికెట్ టోర్నీకి కప్పులు అన్నీ కంపెనీల నుంచే తెచ్చుకుంటున్నారు. వాళ్ల వేదికలెక్కి రిబ్బన్ కత్తిరిస్తున్నారు, శాలువా కప్పించుకుని ఫొటో దిగుతున్నారు. ఊరివాళ్లంటే అమాయకులు, లేనివాళ్లు అనుకుందాం. నెలనెలా ప్రజల డబ్బుతో జీతం తీసుకునే మీకేమైంది? వచ్చే వారం అదే కంపెనీ గేటు ముందు కాలుష్యం తనిఖీకి శాంపిల్ సీసా పట్టుకుని ఏ మొహంతో నిలబడతారు? ముందు ఆ శాలువా తిరిగిచ్చేయండి. తర్వాత ఆ కుర్రాళ్ల అర్జీ ఏ ఫైల్లో ఉందో వెతికి తియ్యండి.