డబ్బు కట్టిన క్షణం నుంచి మొదటి పాఠం దాకా: కోర్సుల ఆటోమేషన్ ఎక్కడ తెగుతోంది?

ఆన్‌లైన్ కోర్సు అమ్మేవాళ్లు ఆన్‌బోర్డింగ్‌ను (కొన్నవాళ్లను కోర్సులోకి తీసుకొచ్చే పనిని) ఆటోమేట్ చేద్దామని కూర్చోగానే ముందు మొదలుపెట్టేది స్వాగత ఈమెయిల్. సబ్జెక్ట్ లైన్ ఎలా ఉండాలి, బటన్ మీద ఏం రాయాలి అన్న చర్చలకే బోలెడు సమయం పోతుంది. సపోర్ట్‌కు వచ్చే ఫిర్యాదులు చూస్తే మాత్రం కథ వేరు. స్వాగతం చప్పగా ఉందని ఎవరూ రాయరు. "డబ్బు కట్టాను, కోర్సు కనిపించడం లేదు" అని రాస్తారు. ఆటోమేషన్ మీద పెట్టే శ్రమలో పెద్ద వాటా పేమెంట్‌కీ లాగిన్‌కీ మధ్య ఉన్న అతుకు మీద పెట్టాలి.

పేమెంట్ అయిందన్న సంగతి సర్వర్‌కు రెండు దారుల్లో తెలుస్తుంది. కొన్న మనిషి బ్రౌజర్ పేమెంట్ పేజీ నుంచి 'ధన్యవాదాలు' పేజీకి తిరిగి రావడం ఒకటి. గేట్‌వే (పేమెంట్ తీసుకునే సర్వీసు) నేరుగా సర్వర్‌కు పంపే వెబ్‌హుక్, అంటే ఆటోమేటిక్ కబురు, రెండోది. చాలామంది మొదటిదాన్నే నమ్ముకుని యాక్సెస్ ఇచ్చేస్తారు, ఎందుకంటే టెస్టింగ్‌లో అది ప్రతిసారీ పనిచేస్తుంది. అసలు కస్టమర్ మాత్రం ఫోన్‌లో డబ్బు కట్టేసి, అయిపోయిందనుకుని అక్కడే ట్యాబ్ మూసేస్తాడు. అందుకే యాక్సెస్ ఇచ్చే పని వెబ్‌హుక్‌కే అప్పగించాలి. తిరిగి వచ్చిన పేజీ "మీ కోర్సు సిద్ధమవుతోంది" అని చూపిస్తూ, రెండు మూడు సెకన్లకోసారి సర్వర్‌ను అడిగితే చాలు. ఇంకో మాట: కార్డు మీద సొమ్ము ఆపి ఉంచడం వేరు, సొమ్ము నిజంగా జమ కావడం వేరు. గేట్‌వే ఈ రెండింటికీ వేర్వేరు కబుర్లు పంపుతుంది. తలుపు తీయాల్సింది రెండోదానికే.

వెబ్‌హుక్‌కూ దాని తిక్క దానికుంది. ఒకే కబురు రెండుసార్లు రావచ్చు, వరుస తప్పి రావచ్చు. సర్వర్ నుంచి సరైన జవాబు అందకపోతే స్ట్రైప్ లాంటి గేట్‌వే మూడు రోజుల దాకా మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. కబురు అందిన చోటే ఖాతా తెరవడం, కోర్సులో చేర్చడం, ఈమెయిల్ పంపడం అన్నీ చేసి ఆఖర్న జవాబిచ్చేలా కోడ్ రాశారనుకోండి. ఈమెయిల్ సర్వీసు కాస్త నెమ్మదించగానే గేట్‌వే ఎదురుచూడటం మానేసి, కబురును మళ్లీ పంపుతుంది. కస్టమర్‌కు వరసగా మూడు స్వాగతాలు, మూడు వేర్వేరు లింకులు అందుతాయి. వాటిలో రెండు పనిచేయవు.

పద్ధతి ఇలా ఉండాలి. ముందు కబురుతో వచ్చే గేట్‌వే డిజిటల్ సంతకం సరిచూడాలి, లేకపోతే మీ వెబ్‌హుక్ చిరునామా తెలిసిన ఎవరైనా దొంగ కబురు పంపి కోర్సు కొట్టేస్తారు. కబురును ఉన్నదున్నట్టు డేటాబేస్‌లో దాచి, వెంటనే 200 (అందింది అని చెప్పే కోడ్) జవాబిచ్చేయాలి. మిగతా పనంతా క్యూలోంచి, అంటే వెనకాల వరసగా జరగాలి. కబురు ఐడీ ఉన్న కాలమ్‌కు యునిక్ నిబంధన (అదే విలువను రెండోసారి రానివ్వనిది) పెడితే నకలు దానంతట అదే ఆగిపోతుంది. అదొక్కటే సరిపోదు. ఒకే ఆర్డర్ గురించి రెండు వేర్వేరు కబుర్లు, రెండు ఐడీలతో వచ్చే సందర్భాలుంటాయి. కాబట్టి ఆర్డర్, కోర్సు జంట మీద కూడా అదే నిబంధన ఉండాలి.

ఇంతకన్నా మొండి సమస్య ఈమెయిల్ చిరునామా. పేమెంట్ ఒక చిరునామాతో చేస్తారు, గూగుల్ లాగిన్ ఇంకోదానితో కొడతారు. సిస్టమ్ దృష్టిలో వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులు: ఒకరి దగ్గర కోర్సు ఉంది, లాగిన్ అయిన రెండోవారి దగ్గర లేదు. కంపెనీ తరఫున కొంటే డబ్బు కట్టేది ఒకరు, చదివేది మరొకరు. ఈమెయిల్‌ను గుర్తింపుగా వాడినంత కాలం ఇది తీరదు. లాగిన్ అయ్యాకే కొనే వీలుంటే ఆర్డర్‌తోపాటు మీ యూజర్ ఐడీని మెటాడేటాలో (ఆర్డర్‌కు జతచేసే అదనపు సమాచారంలో) గేట్‌వేకు పంపండి, వెబ్‌హుక్‌లో అదే తిరిగి వస్తుంది. లాగిన్ లేకుండా కొనే పద్ధతి అయితే ఆర్డర్‌ను ఎవరి ఖాతాకూ ముందే అతికించకుండా, ఈమెయిల్‌లో వచ్చిన లింక్ తెరిచినవాళ్లు తమకు నచ్చిన ఖాతాలోకి తీసుకునేలా పెట్టండి. టైపింగ్ పొరపాట్లకు చౌకైన మందు 'ధన్యవాదాలు' పేజీలోనే ఉంది. "ఈ చిరునామాకు పంపాం, తప్పుంటే ఇక్కడే మార్చండి" అన్న ఒక్క పెట్టె. అయితే అది డబ్బు కట్టిన ఆ బ్రౌజర్ సెషన్‌లోనే పనిచేయాలి.

ఆ లింక్ కూడా ఒక్కోసారి మనిషి చేతికి వచ్చేలోపే చచ్చిపోతుంది. ఆఫీసు ఈమెయిళ్లను కాపలా కాసే సెక్యూరిటీ స్కానర్లు లోపలి లింకులను ముందే తెరిచి చూస్తాయి. లింకులో ఉండే, ఒక్కసారి మాత్రమే పనిచేసే టోకెన్ (ప్రవేశ కోడ్) అక్కడే ఖర్చయిపోతుంది. కస్టమర్ నొక్కేసరికి "లింక్ గడువు ముగిసింది" అని వస్తుంది. లింక్ తెరిస్తే పేజీ మాత్రమే రావాలి. అందులోని "కోర్సులోకి వెళ్లండి" బటన్ నొక్కినప్పుడే టోకెన్ ఖర్చు కావాలి. పాస్‌వర్డ్‌ను ఈమెయిల్‌లో పంపే అలవాటు ఇంకా ఎక్కడైనా ఉంటే ఇవాళే మానేయాలి.

ఇక ఈమెయిల్ చేరడం. జీమెయిల్‌కు రోజుకు 5,000కు పైగా ఈమెయిళ్లు పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (ఈమెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఏర్పాట్లు) మూడూ ఉండాలన్న నిబంధన 2024 ఫిబ్రవరి నుంచి ఉంది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. ఆఫర్ల ఈమెయిళ్లూ యాక్సెస్ ఈమెయిళ్లూ ఒకే డొమైన్ నుంచి వెళ్తుంటే, ఆఫర్లతో తెచ్చుకున్న చెడ్డపేరుకు యాక్సెస్ లింక్ స్పామ్‌లో పడుతుంది. వేర్వేరు సబ్‌డొమైన్లు పెట్టుకోవడం మేలు.

తర్వాతి ఈమెయిళ్ల వరసలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: పంపాలా వద్దా అన్నది కొన్న రోజునే తేల్చేయడం. మూడో రోజు "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగే ఈమెయిల్, అప్పటికే సగం కోర్సు చదివేసిన మనిషికి వెళ్తుంది. రిఫండ్ తీసుకున్న మనిషికి వెళ్తే ఇంకా ఘోరం. పంపే క్షణంలో పరిస్థితి చూసి తేల్చుకోవాలి. ఫలితాన్ని ఓపెన్ రేటుతో (ఎందరు ఈమెయిల్ తెరిచారన్న లెక్కతో) కొలవొద్దు. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో 'మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్' తెచ్చాక, దాన్ని వాడేవాళ్ల విషయంలో మనిషి తెరవకపోయినా తెరిచినట్టే లెక్క పడుతోంది. పేమెంట్ నుంచి మొదటి పాఠం పూర్తయ్యే దాకా ఎన్ని గంటలు పట్టింది, ఎందరు అక్కడిదాకా వచ్చారు - ఈ రెండు లెక్కలు చాలు.

ఎంత జాగ్రత్తగా కట్టినా కొన్ని కబుర్లు జారిపోతాయి. వేర్వేరు సర్వీసులను ఒకదానికొకటి కలిపే జాపియర్, ఎన్8ఎన్ లాంటి టూల్స్‌తో కట్టినా అంతే. మధ్యలో ఒక మెట్టు విఫలమైతే అది ఏ లాగ్‌లోనో పడి ఉంటుంది, చూసే నాథుడుండడు. అందుకే రోజూ ఒక పని నడవాలి: గేట్‌వే దగ్గర ఉన్న పేమెంట్ల జాబితాను, కోర్సుల్లో చేరినవాళ్ల జాబితాను పక్కపక్కన పెట్టి చూడటం. చిన్న టీమ్‌కు ఒక్కటే కట్టే తీరిక ఉంటే, స్వాగత ఈమెయిల్ వదిలేసైనా ముందు ఇది కట్టుకోవాలి.

ఆ తేడాల్లో డబ్బు కట్టీ చేరనివాళ్లు తేలితే స్క్రిప్టే చేర్చేయొచ్చు. చేరి ఉండీ పేమెంట్ కనిపించనివాళ్ల జోలికి మాత్రం దాన్ని పోనివ్వకూడదు. వాళ్లలో ఉచితంగా సీటు ఇచ్చినవాళ్లు, కంపెనీ ఇన్‌వాయిస్ మీద చేరినవాళ్లు, పాత సిస్టమ్ నుంచి తెచ్చినవాళ్లు, మీ సొంత సిబ్బంది కూడా ఉంటారు. ఆ జాబితాను మనిషి చూశాకే ఎవరినైనా తీసేయాలి. తీసేసినా యాక్సెస్ మూయాలే తప్ప, చదివిన పాఠాల రికార్డు చెరపకూడదు. పొరపాటున తీసేసినవాళ్లను మళ్లీ చేర్చేటప్పుడు ఆ రికార్డు కావాలి.