చూర్ణం మిగిలింది, చరకుడు మాయమయ్యాడు

ఫోన్ల మధ్య తెగ తిరుగుతున్న ఒక మెసేజ్ సారాంశం ఇది. టెన్షన్ వల్ల వచ్చే గ్యాస్, కడుపుబ్బరం, అజీర్ణం, మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగెత్తడం, వీటన్నిటికీ మూలం పేగుల గోడలకు ఏళ్ల తరబడి అంటుకుపోయిన 'ఆమం'. రాత్రి త్రిఫల, పొద్దున అశ్వగంధ చొప్పున 40 రోజులు వాడితే కడుపు శుభ్రమవుతుంది, దాంతో టెన్షనూ పోతుంది. మూలికలే కాబట్టి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. టెస్టులన్నీ దండగ. ఇదంతా మన మహర్షులు ఎప్పుడో చెప్పిందే.

ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ దాని అండ చూసుకునే నిలబడ్డాయి.

"మహర్షులు చెప్పిందే." నిజంగా ఏం చెప్పారు? చరకుడి పేరు మీదున్న ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరకసంహితలో, విమానస్థానం అనే భాగం రెండో అధ్యాయంలో ఒక శ్లోకం ఉంది. పథ్యమైన ఆహారాన్ని తగిన మోతాదులోనే తిన్నా సరే, చింత, శోకం, భయం, కోపం, సరిగ్గా లేని పడక, రాత్రి జాగరణ ఉంటే అది అరగదని దాని భావం. అదే గ్రంథంలోని చికిత్సాస్థానం 19వ అధ్యాయం ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ అతిసారాన్ని, అంటే నీళ్ల విరేచనాలను, ఆరు రకాలుగా విడదీశారు. అందులో భయం వల్ల వచ్చేది ఒక రకం, శోకం వల్ల వచ్చేది ఇంకో రకం. ఈ రెండింటికీ చికిత్స ఏమిటంటే, వాతాన్ని తగ్గించే ఉపాయాలు చేస్తూ రోగిని సంతోషపెట్టడం, ధైర్యం చెప్పడం. మనసు కుదుటపడితే విరేచనాలు తగ్గుతాయని గ్రంథం అంటోంది. మెసేజ్ మాత్రం కడుపు కడిగేస్తే మనసు కుదుటపడుతుందని దాన్ని తలకిందులు చేసింది.

విమానస్థానం మొదటి అధ్యాయంలో తినే పద్ధతి కూడా ఉంది. వేడిగా ఉన్నప్పుడు తినాలి, ముందు తిన్నది అరిగాకే తినాలి, గబగబా మింగకూడదు, అలాగని సాగదీయకూడదు, మాట్లాడకుండా, నవ్వకుండా, తిండి మీదే మనసు పెట్టి తినాలి. ఎడమ చేత్తో ఆఫీసు మెయిల్స్ చూసుకుంటూ కుడి చేత్తో తినేవాళ్లకి ఇంతకంటే సూటిగా ఎవరు చెబుతారు? దీనికి పైసా ఖర్చు లేదు. అందుకేనేమో, మెసేజ్‌లో చోటు దొరకలేదు.

"పేగులకు అంటుకుపోయిన ఆమం." ఆయుర్వేదంలో ఆమం అంటే జఠరాగ్ని, అంటే తిన్నది అరిగించే శక్తి, మందగించడం వల్ల సరిగ్గా పక్వం కాని ఆహారరసం. ఏళ్ల తరబడి గోడకు పట్టేసిన తారు లాంటి చెత్త కాదు. పైగా పేగు లోపలి పొర మూడు నుంచి ఐదు రోజులకోసారి కొత్తగా తయారవుతుంది. పాతది రాలిపోతూనే ఉంటుంది కాబట్టి ఏళ్ల చెత్తకు అక్కడ పట్టు దొరకదు.

మరి టెన్షన్ కడుపుని ఏం చేస్తుంది? ఇంటర్వ్యూ గది బయట కుర్చీలో కూర్చున్న మనిషిని చూడండి. పొద్దున తిన్నది ఇంకా పొట్ట పైభాగంలో బరువుగానే ఉంది, తేన్పులు వస్తున్నాయి. ఇప్పటికే రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లొచ్చాడు, మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. ఒత్తిడిలో మెదడు విడుదల చేసే రసాయనాలు జీర్ణాశయాన్ని నెమ్మదింపజేసి, పెద్దపేగుని మాత్రం పరుగులు పెట్టిస్తాయి. పేగుల్లోని నరాలు కూడా అతిగా స్పందిస్తాయి. మామూలు రోజుల్లో పట్టించుకోనంత గ్యాస్ కూడా అప్పుడు నొప్పిగా తెలుస్తుంది. అదే ఒత్తిడి మరొకరిలో మలబద్ధకంగా బయటపడొచ్చు.

"రాత్రి త్రిఫల, పొద్దున అశ్వగంధ, అందరికీ." త్రిఫల తేలికపాటి విరేచనకారి. మలబద్ధకం ఉన్నవాళ్లకి కొంత సాయపడొచ్చు. పైన చెప్పిన కుర్చీలో మనిషికి ఇస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అగ్ని మందంగా ఉందా, తీక్ష్ణంగా ఉందా, ఒకసారి ఒకలా మరోసారి ఇంకోలా ఉండే విషమాగ్నా అని చూడకుండా మందు రాయడం ఆయుర్వేద పద్ధతి కానే కాదు. అశ్వగంధ విషయంలో మెసేజ్ పూర్తిగా అబద్ధమేమీ కాదు. కొన్ని చిన్న ప్రయోగాల్లో ఒత్తిడి కొలతలు తగ్గాయి. అయితే అవి చాలావరకు కొన్ని వారాల ప్రయోగాలు, జీర్ణం మెరుగుపడిందని తేల్చడానికి చేసినవి కావు. దాని తెలిసిన ఇబ్బందుల్లో కడుపులో తిప్పడం, నీళ్ల విరేచనాలు ఉన్నాయి!

"సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు." అశ్వగంధ వాడాక కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ ఉన్నాయి. 2023లో డెన్మార్క్ దాన్ని నిషేధించింది. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా వేసుకోకూడదు. కొన్ని చూర్ణాల్లో కలిపే అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. 2008లో అమెరికా పరిశోధకులు ఆన్‌లైన్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే, దాదాపు ఐదో వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. త్రిఫల తప్పేమీ లేదు, డబ్బాలో ఇంకేం కలిసిందన్నదే భయం.

"టెస్టులు దండగ." నాకు బాగా కోపం తెప్పించిన మాట ఇదే. కడుపులో పుండ్లు టెన్షన్ వల్లే వస్తాయని డాక్టర్లు కూడా చాలాకాలం నమ్మారు. చాలా కేసుల్లో అసలు కారణం హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా అని బారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపించారు. వాళ్లకి 2005లో నోబెల్ వచ్చింది. ప్రశాంతంగా ఉండమని చెబితే నయం కాని పుండు యాంటీబయాటిక్స్‌తో మానింది. కాబట్టి "అంతా టెన్షనే" అని తేల్చేముందు కొన్ని చూసుకోవాలి. మలంలో రక్తం పడుతోందా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నారా, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా, 45 దాటాక కొత్తగా మొదలైందా? వీటిలో ఒక్కటి ఉన్నా చూర్ణం డబ్బా పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇవేవీ లేనివాళ్లకి కూడా రక్తహీనత, థైరాయిడ్, గోధుమలు పడని సీలియాక్ జబ్బు, పేగు వాపుని చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షలు రాయొచ్చు. ఇవి కాస్త రక్తం, కాస్త మలం శాంపిల్‌తో అయిపోయేవే. చాలామందికి స్కానింగ్ దాకా వెళ్లే పనే పడదు.