ఒప్పయితే యంత్రానిది, తప్పయితే మేనేజరుదా?

ఇరవై ఏళ్లు చాకిరీ చేయించుకున్న ప్రాజెక్ట్ మేనేజరును బయటికి పంపడానికి ఐటీ పరిశ్రమ ఒక మర్యాదైన మాట కనిపెట్టింది. నైపుణ్యాల పొంతన కుదరలేదట! 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతాన్ని, అంటే సుమారు 12,261 మందిని తొలగిస్తామని ప్రకటించినప్పుడు చెప్పిన కారణం ఇదే. ఆ వేటు ఎక్కువగా పడింది మధ్య, ఉన్నత శ్రేణుల మీద. కృత్రిమ మేధతో ఉత్పాదకత పెరిగినందువల్ల తీసేయడం లేదని సంస్థ సీఈఓ కె.కృతివాసన్ ప్రత్యేకంగా వివరణ ఇచ్చుకున్నారు. ఆ సెప్టెంబరులోనే యాక్సెంచర్ అధినేత్రి జూలీ స్వీట్, కొత్త నైపుణ్యాలు నేర్పడం వీలుకాదనుకున్న వారిని సాగనంపుతున్నామని మదుపరుల ముందు దాపరికం లేకుండా చెప్పారు. అప్పటి నుంచి మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో నలభై దాటిన మేనేజరుకు హెచ్‌ఆర్ నుంచి పిలుపు వస్తే ఇంటి అప్పు, పిల్లల ఫీజులు కళ్ల ముందు తిరుగుతున్నాయి.

పరిశ్రమ మారుతుంది, మారాలి కూడా. మాకు మింగుడుపడనిది ఆ మార్పు పేరుతో సాగుతున్న రెండు నాలుకల వ్యవహారం.

ముందు లెక్క చూద్దాం. తొలగింపుల ప్రకటన నాటికి టీసీఎస్ సిబ్బంది 6.13 లక్షల మంది. అందులో 5.5 లక్షల మందికి ఏఐ ప్రాథమిక నైపుణ్యాలు, లక్ష మందికి ఉన్నత నైపుణ్యాలు నేర్పామని అదే సంస్థ గొప్పగా చెప్పుకుంది. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి నేర్పేశాక నైపుణ్యం లేని పన్నెండు వేలమంది ఎక్కడి నుంచి ఊడిపడ్డారు? శిక్షణ నిజమైతే తొలగింపునకు చెప్పిన కారణం నిలవదు. కారణం నిజమైతే ఆ శిక్షణ ఉత్తుత్తిది. రెండూ నిజమని నమ్మమంటే పాఠకులు అంత అమాయకులు కారు.

అసలు ఈ మేనేజరును తయారు చేసిందెవరు? కాలేజీ నుంచి వచ్చిన కుర్రవాడు నాలుగైదేళ్లు బాగా కోడ్ రాస్తే, జీతం పెరగాలంటే కోడ్ మానేసి లీడ్ కావాలని, ఆ తర్వాత మేనేజర్ కావాలని దారి చూపింది కంపెనీలే. క్లయింటుకు తలల లెక్కన బిల్లు వేసిన రోజుల్లో పిరమిడ్ పొడవునా మేనేజర్లు కావలసి వచ్చారు. టైమ్‌షీట్లు ఆమోదించు, బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా, ఎవరూ మిగలకుండా చూడు, శుక్రవారం సాయంత్రానికి స్టేటస్ రిపోర్ట్ పంపు, క్లయింటుకు కోపం వస్తే ఫోన్‌లో తిట్లు తిను. ఇదే పని, ఇదే పదోన్నతి. ఇప్పుడు పాత పద్ధతిలో ఇన్ని అంచెలుండేవి, కొత్త పద్ధతిలో అవి అక్కర్లేదు, సాంకేతిక పనికి వీరు తిరిగి అలవాటు పడలేకపోతున్నారు అంటున్నారు. చెట్టెక్కించి నిచ్చెన తీసేసి, దిగడం రాదేమని తప్పుపట్టినట్లుంది.

కంపెనీల వాదనలో నిజం లేదని మేం అనడం లేదు. మీటింగ్ మినిట్స్, వారాంతపు నివేదిక, షెడ్యూలు ముసాయిదా లాంటివి, అడిగితే రాసిపెట్టే కృత్రిమ మేధ అయిన జెన్ ఏఐ నిమిషాల్లో తయారు చేసి పెడుతోంది, క్లయింట్లు ఆ మేరకు ధర తగ్గించమంటున్నారు. ఈ పనిముట్లు నేర్చుకోనంటే ఏ మేనేజరుకైనా కష్టమే.

కానీ ఆ పనులే మేనేజరు విలువ అని తేల్చేసిందెవరు? ఈ రంగంలో పుచ్చకాయ ప్రాజెక్టు అని ఒక మాట ఉంది. నివేదికలో అన్నీ పచ్చగా కనిపిస్తాయి, కోసి చూస్తే లోపలంతా ఎరుపే. పని తొంభై శాతం పూర్తయిందని మూడు వారాలుగా అదే మాట చెబుతున్న డెవలపర్ దగ్గరికెళ్లి కూర్చుని, అసలు ఎక్కడ ఆగిందో రాబట్టేవారు మేనేజర్. చిన్న మార్పేగా అంటూ ఒప్పందంలో లేని పని నెత్తిన పెట్టే క్లయింటుకు, సంబంధం చెడకుండా కుదరదని చెప్పేవారు మేనేజర్. శనివారం రాత్రి గో-లైవ్ (కొత్త సాఫ్ట్‌వేర్‌ను వాడకంలోకి తేవడం) వాయిదా వేయాలని సంతకం పెట్టి, సోమవారం ఉదయం దానికి సంజాయిషీ ఇచ్చుకునేవారూ వారే. ఏఐకి ఇచ్చేది పచ్చటి నివేదికే అయితే అది ఇంకా నిగనిగలాడే పుచ్చకాయను తిరిగిస్తుంది. కోసి చూడమని ఎవరో ఒకరు అడగాలి.

అలా అడిగేవారు లేకపోతే ఏం జరుగుతుందో కన్సల్టింగ్ సంస్థ డెలాయిట్ ఆస్ట్రేలియా చూపించింది. సుమారు 4.40 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లకు అక్కడి ప్రభుత్వ శాఖకు రాసిచ్చిన నివేదికలో, లేని పరిశోధన పత్రాల ప్రస్తావనలు, కోర్టు తీర్పులో లేని వాక్యం దొరికాయి. పట్టుకున్నది సంస్థలోని తనిఖీ వ్యవస్థ కాదు, బయటి విశ్వవిద్యాలయ అధ్యాపకుడు. జెన్ ఏఐ వాడిన సంగతి సవరించిన ప్రతిలో గానీ బయటపెట్టలేదు. 2025 అక్టోబరులో ఫీజులో కొంత భాగం వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. లోకానికి ఏఐ పాఠాలు చెప్పే సంస్థల్లో ఇదొకటి! ఇలాంటిది మన దగ్గర ఏ ప్రాజెక్టులోనైనా జరిగితే సంజాయిషీ నోటీసు ఎవరి పేరున వస్తుంది? పనిముట్టు కొన్న పెద్దల పేరున మాత్రం రాదు. గడువు ముందుకొస్తే ఏఐ ఘనత, ప్రాజెక్టు కూలితే మేనేజరు అసమర్థత. పరిశ్రమ నడిపిస్తున్న ఈ ద్వంద్వ ఖాతాను లాభనష్టాల పట్టికలో ఎవరూ చూపించరు.

కొలబద్ద కూడా వింతగానే ఉంది. ఆన్‌లైన్ దుకాణాలకు సాఫ్ట్‌వేర్ అందించే షాపిఫై అధిపతి టోబీ లుట్కే 2025 ఏప్రిల్‌లో సిబ్బందికి రాసిన లేఖలో, ఏఐ వాడకాన్ని పనితీరు సమీక్షలో చేరుస్తామని, ఆ పని ఏఐతో ఎందుకు కాదో నిరూపించాకే కొత్త మనుషుల్ని అడగాలని తేల్చి చెప్పారు. ఆ గాలి ఇక్కడికీ వచ్చింది. వాడారా లేదా అన్నదే లెక్క. వాడినందువల్ల పని బాగుపడిందా అన్నది తర్వాతి మాట. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో అనుభవజ్ఞులైన 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లను పరిశీలిస్తే, ఏఐ సాయంతో వారి పనికి 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వారు మాత్రం 20 శాతం వేగంగా చేశామనుకున్నారు. చిన్న అధ్యయనమే, దాన్ని పట్టుకుని ఏఐ దండగ అనలేం. కానీ చేసినవారికే తమ వేగం తెలియనప్పుడు, ఆ ఊహా వేగాన్ని నమ్మి పనికి పట్టే సమయం అంచనాలో (ఎస్టిమేట్‌లో) మూడో వంతు కోసేయమని పైనుంచి ఒత్తిడి వస్తే కాదనాల్సిందెవరు? మళ్లీ ఆ మేనేజరే. కాదంటే ఏఐని అందుకోలేని పాతకాలపు మనిషి అని ముద్ర. అవునంటే ఆరు నెలల తర్వాత బలి.

ఈ భయం మీద మరో వ్యాపారం నడుస్తోంది. 2030 నాటికి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పనుల్లో 80 శాతం ఏఐ చేసేస్తుందని టెక్నాలజీ పరిశోధన సంస్థ గార్ట్‌నర్ 2019లో జోస్యం చెప్పింది. అదే 2030 నాటికి ప్రపంచానికి రెండున్నర కోట్ల మంది కొత్త ప్రాజెక్ట్ నిపుణులు కావాలని, ప్రాజెక్ట్ మేనేజర్లకు పీఎంపీ అనే సర్టిఫికెట్ పరీక్ష పెట్టే పీఎంఐ సంస్థ 2021లో లెక్క కట్టింది. ఈ రెండు జోస్యాల నడుమ అమీర్‌పేట మైత్రీవనం గోడల మీది కోచింగ్ ప్రకటనల్లో శాప్ కోర్సు పోయి డెవాప్స్ కోర్సు వచ్చింది, డెవాప్స్ పక్కన ఇప్పుడు జెన్ ఏఐ చేరింది. ప్రాంప్టులు, అంటే ఏఐకి ఇచ్చే ఆదేశాలు, రాయడం నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెడుతున్నారు. క్లయింటు ముందు కుదరదనడం ఎలాగో ఏ కోర్సులోనూ లేదు.

చట్టమైనా ఆదుకుంటుందా అంటే అక్కడా అదే కపటం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో, ఉద్యోగం పోయిన కార్మికుడు కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి 15 రోజుల వేతనం యజమాని జమ చేయాలని ఉంది. మంచిదే. అయితే కార్మికుడు అనే నిర్వచనంలోకి మేనేజర్లు రారు, నెలకు 18 వేల రూపాయలకు మించి జీతమున్న సూపర్‌వైజర్లూ రారు. నైపుణ్యం లేదన్న నింద ఎవరి మీద పడిందో, నైపుణ్యానికి పెట్టిన నిధి వారికే అందదు. ఎవరు కార్మికుడో హోదా పేరును బట్టి కాకుండా చేసే పనిని బట్టి నిర్ణయించాలని న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి, నిజమే. కానీ రాజీనామా రాసిస్తేనే రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్లు పత్రం) అని గదిలో కూర్చోబెట్టిన మనిషి కోర్టు దాకా ఎలా వెళ్తాడు? మేనేజర్లు కూడా ఒక విషయం గుర్తు చేసుకోవాలి. బెల్ కర్వ్ అనే ర్యాంకుల పద్ధతి పేరిట జట్టులో కొందరిని అట్టడుగు శ్రేణిలోకి నెట్టే పట్టికల మీద ఏటా సంతకాలు పెట్టింది వారే. కలిసి నిలబడే అలవాటును అప్పుడే చంపుకున్నారు.

ఇక మన ప్రభుత్వాలు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖలో 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకే టీసీఎస్‌కు ఇవ్వాలని నిర్ణయించింది. బదులుగా వచ్చేవి 12 వేల ఉద్యోగాలన్నారు. మూడు నెలల తర్వాత ఆ సంస్థే దేశదేశాల్లో తీసేస్తామన్న ఉద్యోగాలు అంతకంటే కాస్త ఎక్కువ. ఎన్ని ఉద్యోగాలిస్తారో అడిగినవారు, వాటిని ఏ కొలబద్దతో తీసేస్తారో ఎందుకు అడగలేదు? హైదరాబాద్‌లో కొత్త క్యాంపస్ తెరుచుకున్న ప్రతిసారీ రిబ్బన్ కత్తిరించే తెలంగాణ ప్రభుత్వం, నైపుణ్యం సాకుతో ఎంతమంది మేనేజర్ల చేత రాజీనామాలు రాయించుకున్నారో కార్మిక శాఖ ద్వారా ఒక్కసారైనా లెక్క తెప్పించుకుందా? ఐటీ మంత్రులిద్దరూ ముందు ఈ లెక్క బయటపెట్టాలి. దావోస్ ఫొటోలు తర్వాత చూపించవచ్చు.