పాత సిస్టమ్‌కి ఎస్‌ఎస్‌డీ వేద్దామా, అసలు తీసేద్దామా: మా జిరాక్స్ షాపులో పంచాయితీ

మద్దిలపాలెంలో మాకో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. సిస్టమ్‌లు మూడు. అన్నీ 2013లో కొన్నవే, ఐ3 మూడో తరం ప్రాసెసర్, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. 2025 వేసవిలో మా ఆయన ఒకదానికి మాత్రం 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే డిస్క్ బదులు చిప్‌ల మీద దాచే డ్రైవ్, వేయించారు. మిగతా రెండూ ఎలా ఉన్నాయంటే, పొద్దున షట్టర్ ఎత్తి ఆన్ చేసి, ఊడ్చి, దేవుడి పటానికి దీపం పెట్టి, టీ చెప్పి వచ్చేసరికి కూడా తెర మీద ఆ చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. వాటినేం చెయ్యాలన్నదే గొడవ. మా తమ్ముడు రుషికొండ ఐటీ హిల్ మీద పని చేస్తాడు. ఆదివారం భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కుంటూ "ఆ రెండూ తీసేయండి బావా" అన్నాడు, అంతే. సరే, ఎవరి వాదన వాళ్లు చెప్పండి, వాటి ముందు కూర్చునేది నేను కాబట్టి జడ్జిని కూడా నేనే అన్నాను. గుర్తున్నంత వరకు రాస్తున్నాను, మధ్యలో నా మాటలు కూడా పడతాయి.

తమ్ముడు: కూలేలా ఉన్న గోడకి సున్నం వేయించినట్టుంది బావా మీ పని. బోర్డు పాతది, ప్రాసెసర్ పాతది, మన ఊరి ఉప్పుగాలికి లోపల కనెక్టర్లు ఏ స్థితిలో ఉన్నాయో తెలీదు. పైగా డ్రైవ్ తగిలించడానికి హెచ్61లో ఉన్నవి సాటా 2 పోర్టులే, సెకనుకి 3 గిగాబిట్లు. మీరు కొనే డ్రైవ్ 6 గిగాబిట్లది. డబ్బా మీద సెకనుకి 500 ఎంబీ అని ఉంటుంది, మీ దగ్గర 270, 280కి మించదు. సగం స్పీడు వదులుకోవడానికా డబ్బులు పెట్టడం?

ఆయన: ఆ సగం దేనికి సగమో చూడరా. ఇప్పుడున్న హార్డ్ డిస్క్ బాగా పరిగెడితే సెకనుకి వందో, నూట ఇరవయ్యో ఎంబీ, అదీ ఒకే పెద్ద ఫైలు వరసగా చదివితేనే. విండోస్ లేచేటప్పుడు అలా చదవదు, వేల చిన్న ముక్కలు అక్కడోటి ఇక్కడోటి ఏరుకుంటుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైనే పడుతుంది, చదివే ముల్లు జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. అంటే సెకనుకి వంద ముక్కలు తెస్తే గొప్ప. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు, ముక్కకి 0.1 మిల్లీసెకను. జాబితా పట్టుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్లి, అల్లం కొని ఇంట్లో పెట్టి, మళ్లీ వెళ్లి వెల్లుల్లి కొని ఇంట్లో పెట్టి, ఇలా తిరిగే మనిషికి రోడ్డు వెడల్పు చేస్తే ఏం ఒరుగుతుంది? ఆ తిరుగుడు పోవాలి గానీ.

(ఆయన పూర్ణా మార్కెట్‌కి వెళ్లి ఎన్నేళ్లయిందో నేను అడగలేదు. కానీ విషయం మాత్రం నిజం. ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్ అర నిమిషంలో లేస్తుంది, మిగతా రెండూ నాలుగైదు నిమిషాలు తీసుకుంటాయి. యూనివర్సిటీ పిల్లలు రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు పట్టుకుని వరసలో నిలబడినప్పుడు ఆ తేడా నాకు తెలుసు.)

తమ్ముడు: లేవడం సంగతి ఒప్పుకుంటాను. లేచాక? 4 జీబీ ర్యామ్‌లో బ్రౌజర్ నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే నిండిపోతుంది, అప్పుడు ఆ పొంగిందంతా డ్రైవ్ మీదికే వస్తుంది. అసలు సమస్య అది కూడా కాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది. గూగుల్ వాళ్లు మన విశాఖలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్, అంటే పెద్ద డేటా సెంటర్, పెడతామని ప్రకటించింది కూడా సరిగ్గా ఆ రోజే, అందుకే నాకు బాగా గుర్తు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం నుంచి. మీది మూడో తరం. జనం ఆధార్లు, పాన్ కార్డులు, పాస్‌బుక్కులు స్కాన్ చేసే సిస్టమ్ అది. రేపు ఎవడి వివరాలో బయటికి పోతే షాపు మీదికి వస్తారు.

ఆయన: ఇంకో ఏడాది అప్‌డేట్లు పొడిగించుకునే ఏర్పాటు ఉంది కదా.

తమ్ముడు: ఉంది, 2026 అక్టోబర్ 13 వరకు. ఆ తర్వాత?

ఆయన: ఆ తర్వాత నెట్ కేబుల్ పీకేస్తాను. టైపింగ్‌కి నెట్ ఎందుకు? మీ అక్క చేసేది అనూలో, పేజ్‌మేకర్‌లో. దానికి ఈ సిస్టమే అలవాటు.

(ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది నా పని. అనూ అంటే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్ పేజీలు కూర్చేది. పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ 2001లో వచ్చింది, అదే ఆఖరిది, అడోబ్ వాళ్లు ఆ తర్వాత ఇన్‌డిజైన్ దారి పట్టారు. అయినా మా దగ్గరికి వచ్చే స్కూలు ప్రశ్నపత్రాలు, శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ ఎక్కువగా అందులోనే. ప్రెస్ అతను అదే అడుగుతాడు, పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, నా వేళ్లు కూడా ఆ కీబోర్డుకే అలవాటు పడ్డాయి. కొత్త సిస్టమ్ అంటే నాకు స్పీడు కాదు గుర్తొచ్చేది, ఫాంట్లు, లైసెన్సు, ప్రింటర్ డ్రైవర్లు మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకునే టెన్షన్. యూనికోడ్‌కి మారక్కా, అనూలో టైపు చేసింది వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి అని తమ్ముడు ఎప్పుడూ అంటాడు. వస్తాయి, నిజమే. మారతాను, ఈ సీజన్ అయ్యాక.)

తమ్ముడు: సరే, నెట్ పీకేశారు. మరి డ్రైవ్ పోతే? హార్డ్ డిస్క్ చాలాసార్లు చెప్పి పోతుంది బావా. టిక్‌టిక్‌మంటుంది, ఫైలు తెరవడానికి మొరాయిస్తుంది, ఈలోపు మనం ముఖ్యమైనవి తీసుకోవచ్చు. ఎస్‌ఎస్‌డీ రాత్రి బాగుండి పొద్దున్న బయాస్‌లోనే, అంటే విండోస్‌కి ముందు వచ్చే సెట్టింగుల తెరలోనే, కనపడకపోవచ్చు. పొరపాటున ఫైలు డిలీట్ చేసినా అంతే, ట్రిమ్ అనేది ఒకటుంటుంది, ఆ ఖాళీ జాగాని అది తుడిచేస్తుంది, రికవరీ వాళ్ల దగ్గరికి పట్టుకెళ్లినా ఫలితం ఉండదు. పైగా దాని మీద ఇన్నిసార్లే రాయగలం అని లెక్క ఉంటుంది.

ఆయన: ఆ లెక్క నేను వేశాను. మనం కొన్న 240 జీబీదానికి 80 టీబీ రాతలు అని ఉంది. రోజుకి 20 జీబీ రాసినా, మనం అందులో సగం కూడా రాయం, ఏడాదికి 7.3 టీబీ. పదేళ్లు దాటుతుంది. అప్పటికి నేనే ఉంటానో లేదో.

తమ్ముడు: అరిగి పోవడం సంగతి కాదు నేనంటున్నది. చవక డ్రైవ్‌లలో రాస్తుండగా కరెంటు పోతే ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టికే చెడిపోవచ్చు. హుద్‌హుద్ తుఫాను అప్పుడు మనకి ఎన్ని రోజులు కరెంటు లేదో మర్చిపోయారా? మీ యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు మార్చారు?

ఆయన: ...

(సమాధానం లేదు. నేను చెప్తాను, మార్చలేదు. రెండు నిమిషాలు కూడా నిలబడదు. ఇంతకీ బ్యాకప్ ఎవరు తీస్తున్నారని అడిగితే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గంట నుంచి ఏది ఎలా పోతుందో చెప్పుకుంటున్నారు గానీ, పోతే ఏం మిగులుతుందో ఒక్కరూ అనలేదు. అక్కడ ఇద్దరికీ మార్కులు కోశాను.)

ఆయన: తీసిన 500 జీబీ డిస్క్ ఉంటుందిగా, దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడదాం.

తమ్ముడు: అది డెస్క్‌టాప్ డిస్క్, మూడున్నర అంగుళాలది. యూఎస్‌బీ కరెంటు చాలదు, విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కేసు కావాలి. పోనీ లోపలే రెండో డ్రైవ్‌గా ఉంచేస్తే, రెండూ ఒకే డబ్బాలో ఉన్నట్టు, ఒకేసారి పోతాయి.

ఆయన: అయితే నువ్వు చెప్పేదేంటి, ముప్ఫై వేలు పెట్టి కొత్తది కొనమనా?

తమ్ముడు: కొత్తదే అనలేదు. ఆఫీసులు వదిలేసిన ఎనిమిదో తరం ఐ5 సిస్టమ్‌లు సెకండ్స్‌లో దొరుకుతున్నాయి, చాలావాటిలో ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే ఎన్‌వీఎంఈ స్లాట్ కూడా ఉంటుంది, విండోస్ 11 కూడా వస్తుంది.

ఆయన: అంటే పాతదాని బదులు ఇంకో పాతది! ఇందాక గోడ అన్నావు, సున్నం అన్నావు...

తమ్ముడు: బావా, ఆరేడేళ్ల పాతకీ పదమూడేళ్ల పాతకీ తేడా లేదా?

(ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి 1 టీబీ ఎస్‌ఎస్‌డీ అని కనిపిస్తే కొనొద్దు అన్న ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ కలిశారు. అలాంటివి విప్పితే లోపల ఫోన్‌లో వేసే మెమరీ కార్డు అతికించి ఉంటుందట. మంచివాటి ధర మాత్రం పెరిగింది. మేము 1,600కి కొన్నదే ఇప్పుడు అడిగితే షాపతను నవ్వాడు. డేటా సెంటర్ల వాళ్లే చిప్‌లన్నీ ఎత్తుకుపోతున్నారని తమ్ముడు, అయితే మీ గూగుల్‌ని అడుగు అని ఆయన.)

జడ్జిగా నేను చెప్పింది ఇది. మూలన నేను టైపు చేసేదానికి ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ పాత డీడీఆర్3 ర్యామ్, నెట్ ఉండదు. కౌంటర్ దగ్గర ఆధార్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు చూసేది మాత్రం మార్చాలి, తమ్ముడు చెప్పిన సెకండ్స్‌దైనా సరే. వాటన్నిటికన్నా ముందు యూపీఎస్ బ్యాటరీ. కిందటిసారి మెకానిక్ బయాస్‌లో డ్రైవ్ నడిచే పద్ధతిని పాత ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చగానే బ్లూ స్క్రీన్ వచ్చి, రాత్రి పదింటికి తమ్ముడు ఫోన్లో చెప్తుంటే సేఫ్ మోడ్‌లో లేపుకున్నాం. కాబట్టి ఈసారి బయటివాళ్లెవరూ వద్దు, తమ్ముడే చెయ్యాలి అన్నాను.

వాడు సణుక్కుంటూనే స్క్రూడ్రైవర్ అడిగాడు. సైడు తలుపు విప్పితే లోపల పదమూడేళ్ల జిరాక్స్ పొడి, దుమ్ము, ఒక బల్లి గుడ్డు పెంకు. పాత డిస్క్ ఉంచి పక్కన ఎస్‌ఎస్‌డీ పెట్టడానికి సాటా కేబుల్ ఒకటి తక్కువైంది. ఆదివారం కదా, ద్వారకానగర్‌లో మాకు తెలిసిన షాపు మూసేసి ఉంటుంది. సోమవారం ఎవరు వెళ్లి తేవాలన్నదాని మీద మళ్లీ మొదలుపెట్టారు.