ఎదురు ప్రశ్న వేసేవారికి తగిన ఉద్యోగాలు: తల్లిదండ్రులకూ, యువతకూ ఒక మార్గదర్శి

ఈమధ్య హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే పిల్లలు గోత్రం, నక్షత్రంతో పాటు ఇంకో నాలుగు అక్షరాలు కూడా చెబుతున్నారు. కంపెనీవాళ్ళు ఓ శనివారం ఊరి బయట రిసార్టుకి తీసుకెళ్ళి, మధ్యాహ్నం బిర్యానీ పెట్టి, ఆ మత్తు దిగకముందే మనిషి స్వభావం ఏ రకమో చెప్పే మైయర్స్-బ్రిగ్స్ ప్రశ్నాపత్రం ఒకటి చేతిలో పెడతారు. సాయంత్రం బస్సెక్కే వేళకు ఎవరి అక్షరాలు వాళ్ళకు వచ్చేస్తాయి. వాటిలో అందరూ కోరుకునేది ఈఎన్‌టీజే. అంటే నలుగురిలో చొరవగా మాట్లాడే మనిషి, కంటికి కనిపించేదాని వెనక ఉన్న లెక్క చూసే మనిషి, మొహమాటం కన్నా తర్కాన్ని నమ్మే మనిషి, ఏదీ నాన్చకుండా తేల్చేసే మనిషి. ఈ రకంవారికి తగిన ఉద్యోగాలు కూడా పక్కనే రాసి ఉంటాయి: సీఈఓ, లాయరు, జడ్జి, మేనేజ్‌మెంట్ కన్సల్టెంటు.

ఈ జాబితాను తెలుగునాట ఉన్నదున్నట్టు అమలు చేస్తే కుటుంబాలకూ, ఆఫీసులకూ జరగబోయే నష్టం మా దృష్టికి వచ్చింది. అందుకే స్థానిక పరిస్థితులకు తగినట్టు సవరించి ఇక్కడ సమర్పిస్తున్నాం.

ముందుగా ఈ శాస్త్రం ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. 1917లో అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడకు కాబోయే అల్లుడు పరిచయమయ్యాడు. కుర్రాడు మంచివాడే గానీ మన ఇంట్లోవాళ్ళలా లేడేమిటి అని ఆవిడకు అనిపించింది. మన అత్తగార్లయితే ఆ సంగతి ఫోన్లో అక్కగారికి చెప్పుకుని ఊరుకునేవాళ్ళు. ఈవిడ ఏకంగా ప్రపంచంలోని మనుషులందరినీ రకాలుగా విడగొట్టే పని పెట్టుకుంది. స్విట్జర్లాండు డాక్టరు కార్ల్ యుంగ్ 1921లో ఇదే విషయం మీద ఒక పెద్ద పుస్తకం వేయడంతో ఆవిడకు దారి దొరికింది. కూతురు ఇసబెల్ మైయర్స్ రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో దాన్ని ప్రశ్నాపత్రంగా మార్చింది. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళిపోతే కొత్తగా పనుల్లో చేరుతున్న ఆడవాళ్ళకు ఏ పని నప్పుతుందో చెప్పాలన్నది ఆవిడ ఉద్దేశం. తల్లీకూతుళ్ళలో ఎవరికీ సైకాలజీ డిగ్రీ లేదు. కూతురికి మాత్రం డిటెక్టివ్ నవల రాసిన అనుభవం ఉంది. అల్లుడిని అత్తగారూ, మొగుడిని భార్యా గమనిస్తూ తయారుచేసిన శాస్త్రం ఇంతకన్నా లోతుగా ఎలా ఉంటుందో మాకు తెలియదు.

గిట్టనివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. మనుషుల్లో చాలామంది అటూ ఇటూ కాకుండా నడుమ ఉంటారనీ, వాళ్ళను బలవంతంగా ఒక గట్టుకు నెట్టి అక్షరం అంటిస్తున్నారనీ వాళ్ళ వాదన. కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాయిస్తే చాలామందికి అక్షరాలు మారిపోతున్నాయని ఇంకో ఆక్షేపణ. ఆఖరికి ఈ పరీక్షను అమ్మే కంపెనీ కూడా ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి దీన్ని వాడవద్దనే చెబుతుంది. సిగరెట్టు పెట్టె మీద హెచ్చరికను ఎంతమంది చదువుతారో దీన్నీ అంతమందే చదువుతారు.

1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు ఇంకా దుర్మార్గమైన పని చేశాడు. క్లాసులో వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఒక్కొక్కరికీ నీ గురించే అంటూ ఫలితం చేతికిచ్చాడు. ఎంత బాగా సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమంటే పిల్లలు సగటున 4.26 వేశారు. తర్వాత చూసుకుంటే అందరి కాగితంలోనూ ఒకే రాత. అది ఆయన జ్యోతిషం పుస్తకంలోంచి ఎత్తి రాసుకొచ్చింది. దీన్నిబట్టి వ్యక్తిత్వ పరీక్షలు మోసమని కొందరంటారు. మన వారఫలాలు రాసేవాళ్ళకు తక్కువ డబ్బులిస్తున్నారని మేమంటాం.

అసలు అక్షరాలను బట్టి మనిషిని అంచనా వేయడం మనకు కొత్తా? అమెరికావాళ్ళకు నాలుగు అక్షరాలు, పదహారు రకాలు కావలసి వచ్చింది. మనం మూడక్షరాలతో సరిపెట్టాం. ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్‌ఈసీ. వాళ్ళ పరీక్షలో తొంభై చిల్లర ప్రశ్నలు. మన పరీక్షలో ఒక్కటే ప్రశ్న: "టెన్త్‌లో ఎంతొచ్చింది?" దానికి కూడా పిల్లవాడు జవాబు చెప్పనక్కర్లేదు, వాళ్ళ నాన్న చెబుతాడు. మనవి తిరిగి రాయించినా మారని అక్షరాలు. ఎంపీసీ వాడు నలభై ఏళ్ళు వచ్చాక సర్వీసులు రాసి కలెక్టరయినా, పాటలు పాడినా, పకోడీల బండి పెట్టినా, చుట్టాల లెక్కలో ఎంపీసీ చేసి ఇలా అయిపోయినవాడే. ఇక హెచ్‌ఈసీ తీసుకున్నవాడికి వ్యక్తిత్వం ఏదైనా ఒకటే, పరామర్శించి వస్తారు.

విశ్లేషించే గుణం, గట్టిగా అడిగే గుణం ఉన్న పిల్లవాడిని ఈ వ్యవస్థ పదిహేనో ఏట గుర్తించి తగిన చికిత్స చేస్తుంది. లెక్కల మాస్టారు బోర్డు మీద సూత్రం వేయగానే ఇతను "అదెలా వచ్చింది సార్?" అంటాడు. మాస్టారు కోప్పడడు. ఆయన ప్రేమగా చెప్పే జవాబు తెలుగు పిల్లలందరికీ కంఠతా వచ్చు: "అది ఎగ్జామ్‌లో రాదు, షార్ట్‌కట్ రాసుకో." ఇందులో తర్కం లేకపోలేదు. ఎంసెట్‌లో, ఇప్పుడు దాన్నే ఈఏపీసెట్ అంటున్నారు, మూడు గంటల్లో 160 ప్రశ్నలు. అంటే ఒక్కో ప్రశ్నకు 67.5 సెకన్లు. ఎందుకు అని అడిగితే అందులో నాలుగు సెకన్లు పోతాయి. నాలుగు సెకన్లంటే ర్యాంకులో ఎన్ని వందలో తల్లిదండ్రులకు తెలుసు. రెండేళ్ళు తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా ఈ వైద్యం జరిగాక, ప్రశ్న వేసే అలవాటు తొంభై శాతం మందిలో పూర్తిగా నయమవుతుందని మా అంచనా. అంకె మేమే వేసుకున్నాం, ఎవరూ అడగరన్న ధైర్యంతో.

తమాషా ఏమిటంటే, ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఇదే కుర్రాడిని గ్రూప్ డిస్కషన్‌లో కూర్చోబెట్టి "బీ అసర్టివ్" అంటారు. సొంత అభిప్రాయం ఉండాలట. దానికోసం అమీర్‌పేటలో ఇంకో కోర్సు, ఇంకో ఫీజు. పీకేసిన పన్ను చోట పన్ను కట్టించుకోవడానికి మళ్ళీ డబ్బు కట్టడమన్నమాట.

ఇక వైద్యానికి లొంగని ఆ పది శాతం సంగతి. వీళ్ళకు తగిన ఉద్యోగాలు మన దగ్గర లేవని ఎవరన్నా అంటే అది అపప్రథ. అన్నిటిలోకీ శ్రేష్ఠమైనది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ పదవి. సేనాధిపతికి కావలసిన సరంజామా అంతా ఇక్కడ ఉంది: అయిదు అంతస్తులు, ఒక లిఫ్టు, దాని ఏఎంసీ (ఏడాది మరమ్మతుల ఒప్పందం), ఒక జనరేటరు, రెండు బోర్లు (ఒకటి ఎండినది), ఒక వాచ్‌మన్, మెయింటెనెన్స్ కట్టని ముగ్గురు ఓనర్లు. ఆఫీసులో ముప్పయ్యేళ్ళు "ఎస్ సార్" అని రిటైరైన మనిషిలో దాగి ఉన్న ఈఎన్‌టీజే ఇక్కడ నిద్రలేస్తాడు. ఏప్రిల్‌లో ఎన్ని నీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి, పోయిన ఏప్రిల్‌లో ఎన్ని, మూడో అంతస్తువాళ్ళకు చుట్టాలు వచ్చిన వారంలో ఎన్ని అని ఎక్సెల్ షీటు వేసి, రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కింద ఒక గీత గీసి "గౌరవ సభ్యులు గమనించగలరు" అంటాడు. గౌరవ సభ్యులు దండం బొమ్మలు పెట్టి పడుకుంటారు. జీతం లేదు, సెలవు లేదు, కృతజ్ఞత అసలే లేదు. అయినా పదవి కోసం పోటీ తగ్గదు. ఇద్దరు ఈఎన్‌టీజేలు ఒకే బ్లాకులో ఉంటే రెండో ఆయన ఆడిటర్ అవుతాడు. ఆ తర్వాత లిఫ్టు ఆగిపోయినా బాగుచేయించరు, ఎందుకాగిందన్న విచారణ పూర్తి కావాలి కదా.

పెళ్ళి పెత్తనం కూడా మంచిదే కానీ సీజన్ ఉంటుంది. టీవీ చర్చలకు గట్టిగా మాట్లాడే సగం చాలు, విశ్లేషించే సగం ఇంట్లో వదిలి రావచ్చు. సొంత ఖర్చుతో దేశసేవ చేయాలనుకునేవారికి సమాచార హక్కు చట్టం 2005 నుంచీ తెరిచే ఉంది. పది రూపాయలు కట్టి మీ వీధి రోడ్డుకు ఎంత ఖర్చయిందని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఈలోగా మీ చిరునామా ఆఫీసులో ఎవరెవరికి తెలిసిపోయిందో అన్నది మాత్రం చట్టంలో లేదు.

చరిత్రలో ఈ రకం మనుషులకు సరైన మార్గదర్శనం లేక జరిగిన అనర్థానికి ఒక ఉదాహరణ చెప్పాలి. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర పధ్నాలుగేళ్ళ వాలంటీరు పిల్లను నిలబెట్టి, టికెట్ లేనివాళ్ళను రానివ్వొద్దన్నారు. ఒకాయన టికెట్ లేకుండా వచ్చాడు. ఆ పిల్ల ఆపేసింది. వచ్చింది జవహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు హడలిపోయి మందలించబోతే, మీరు చెప్పినట్టే చేశానంది. చివరకు నెహ్రూకు టికెట్ కొని లోపలికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆ పిల్ల పేరు దుర్గాబాయి. పెద్దలు ఎనిమిదో ఏటే పెళ్ళి చేసి ఒక ఉద్యోగం చూపించారు, ఆ ఉద్యోగంలో ఆవిడ నిలవలేదు. జైలుకెళ్ళింది, లా చదివింది, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది, ప్రణాళికా సంఘం దాకా వెళ్ళింది. ఆనాడే రిసార్టుకి తీసుకెళ్ళి పరీక్ష రాయించి ఉంటే, రైల్వేలో టికెట్ కలెక్టరుగా స్థిరపడి ఉండేది కదా అని మా బాధ.

ఇప్పటి సభల్లో అలాంటి వాలంటీర్ ఉంటే ఏమవుతుందో వివరించనక్కర్లేదు. అతిథి లోపలికి వెళతాడు, వాలంటీరు వాట్సాప్ గ్రూపులోంచి బయటికి వెళుతుంది.

దీనికి తిరకాసు ఉదాహరణ పి.వి. నరసింహారావు. మాట పొదుపు, మూతి బిగింపు, చేతిలో పుస్తకం. ఏ పరీక్షయినా ఆయనకు లైబ్రేరియన్ ఉద్యోగమే రాసిచ్చేది. 1991 ఎన్నికల్లో పోటీ కూడా చేయకుండా రాజకీయాల నుంచి తప్పుకునే ఏర్పాట్లలో ఉన్న ఆ మనిషే కొద్ది వారాల్లో ప్రధానమంత్రి అయి, దశాబ్దాల లైసెన్సుల వ్యవస్థను ఒక్క జూలైలో విప్పేశాడు. ఇలాంటివి శాస్త్రాన్ని ఇబ్బంది పెడతాయి కాబట్టి మినహాయింపు అని రాసుకుని ముందుకు పోతాం.

అసలు చిక్కు ఆఫీసులో ఉంది. ఒక మీటింగ్‌లో ఒకే మాట నలుగురు అన్నారనుకోండి: "ఈ డేట్‌కి ఇది అవదు, టెస్టింగ్‌కే పది రోజులు కావాలి." డైరెక్టర్ అంటే దూరదృష్టి. మేనేజర్ అంటే నాయకత్వం. రెండేళ్ళ క్రితం చేరిన అమ్మాయి అంటే, అప్రైజల్‌లో "టీమ్‌తో కలిసి పనిచేయడం నేర్చుకోవాలి" అని వస్తుంది, రేటింగ్ ఒక మెట్టు దిగుతుంది. కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రాడు అంటే అప్రైజల్ ఉండదు, సోమవారం నుంచి అతనూ ఉండడు. నలుగురి చేతా పరీక్ష రాయిస్తే నలుగురికీ ఈఎన్‌టీజే రావచ్చు. కాబట్టి ప్రశ్నాపత్రం మొదట్లో జీతం, హోదా, ఆడా మగా, ఎవరి తాలూకు అనే గడులు చేర్చాలని మా సూచన. అవి నింపాక మిగతా ప్రశ్నలు ఖాళీగా వదిలేసినా ఫలితం సరిగ్గానే వస్తుంది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేక గమనిక. అమ్మాయికి ఈఎన్‌టీజే వస్తే బయోడేటాలో రాయకండి. పెళ్ళిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్ళు ప్యాకేజీ ఎంతని అడిగితే చెప్పనివ్వండి. ఆ వెంటనే అమ్మాయి "మీ అబ్బాయికి హోమ్‌లోన్ ఎంతుంది, ఈఎమ్ఐ ఎవరు కడతారు?" అని అడిగితే కాఫీలు పంపించండి. ఇదే ప్రశ్న బ్యాంకులో కూర్చుని అడిగితే ఆ అమ్మాయిని క్రెడిట్ మేనేజర్ అంటారు, జీతం కూడా బాగుంటుంది.

పరీక్ష తిరిగి రాస్తే అక్షరాలు ఎందుకు మారతాయన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. పరీక్షలో లోపం లేదు, మధ్యలో మనిషి ఇంటికి వెళ్ళొచ్చాడు. పగలు మాదాపూర్‌లో ఇరవై మందిని పరుగులు పెట్టించిన టీమ్ లీడ్, రాత్రి మామగారు "కారు ఈ రంగెందుకు తీసుకున్నావు బాబూ?" అంటే నేల చూపులు చూస్తాడు. అతని భార్యకు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. పుట్టింట్లో సేనాధిపతి, అత్తగారింట్లో సిపాయి, ఆఫీసులో ఎవరు బాస్ అన్నదాన్ని బట్టి.

కనుక పరీక్ష రాయదలిచినవారు స్థలం, సమయం చూసుకోవాలి. మంచి ఫలితం కావాలంటే అప్రైజల్ అయిపోయి ఇంక్రిమెంటు పడ్డ వారంలో, ఏసీ గదిలో, తలుపు వేసుకుని రాయడం ఉత్తమం. నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్ళకు కూడా బాగా వస్తుంది, కానీ అది ఎక్కువ రోజులు నిలవదు. ఉమ్మడి కుటుంబంలో ఉన్నవారు హాల్లో కూర్చుని రాయకండి, "మీటింగుల్లో మీ అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతారా?" అన్న ప్రశ్న దగ్గర పెద్దవాళ్ళు తొంగిచూసే ప్రమాదం ఉంది. కోడళ్ళు రాత్రి వంటిల్లు సర్దేశాక, పొద్దుటి ఇడ్లీకి పప్పు నానబోశాక మొదలుపెడితే మధ్యలో లేవాల్సిన పని ఉండదు.