ఓటీపీ చెప్పకపోయినా ఖాతా ఖాళీ: డెల్టాలో ముందు తాళం వేయాల్సింది వేలిముద్రకే

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దన్న మాట ఇప్పుడు కోనసీమ లంక గ్రామాల్లో కూడా అందరికీ తెలుసు. అయినా ఖాతాల్లో డబ్బు పోతోంది, ఎన్నడూ తీసుకోని అప్పులకు నోటీసులు వస్తున్నాయి. కారణం మన కాగితాలు. ధాన్యం అమ్మాలంటే ఆధార్, పాస్‌బుక్, బ్యాంకు ఖాతా జిరాక్సులు ఇస్తాం. కౌలు కార్డుకు ఇంకో సెట్టు. డ్వాక్రా రుణానికైతే సంఘంలో అందరివీ ఒకే ఫైల్లో ఉంటాయి. మస్కట్‌కో కువైట్‌కో వెళ్లే ఆడవాళ్ల పాస్‌పోర్టు, ఆధార్, ఫొటోలు ఏజెంటు వాట్సాప్‌లోకి పోతాయి. పని అయ్యాక ఆ నకళ్లు ఏమయ్యాయని ఎవరూ అడగరు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది భూమి దస్తావేజు. అందులో ఆధార్ నంబరు, వేలిముద్ర పక్కపక్కనే ఉండే అవకాశం ఉంది. ఆధార్‌తో నగదు తీసే ఏఈపీఎస్ పద్ధతిలో కావాల్సినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. ఓటీపీ అక్కర్లేదు, కార్డు అక్కర్లేదు. 2018లోనే తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ అమ్మకందారు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వేలిముద్రల నకళ్లు తయారుచేసి వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆ తర్వాత ఇదే కిటుకు నగదు విత్‌డ్రాయల్స్‌కూ పాకింది. ఇక్కడ ఖాతాదారు చేసిన తప్పేమీ లేదు. అలాంటి వాళ్లకు జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోవడం అన్యాయం.

చేయగలిగింది బయోమెట్రిక్ లాక్. మైఆధార్ పోర్టల్‌లో గానీ ఆధార్ యాప్‌లో గానీ ఓటీపీతో లాగిన్ అయి లాక్ చేస్తే వేలిముద్ర, కనుపాప, ముఖం మూడూ మూతపడతాయి. ఖర్చు లేదు. అయితే ఆధార్‌కు లింకైన మొబైల్ చేతిలో ఉండాలి. పాత నంబరైతే ముందు ఆధార్ కేంద్రంలో మార్పించుకోవాలి. ఇంకో చిక్కు రేషన్, పింఛను దగ్గర వస్తుంది. లాక్‌లో ఉంటే యంత్రం వేలు తీసుకోదు. 330 అనే ఎర్రర్ కోడ్ కనిపిస్తే వేలు అరిగిందని కాదు, లాక్ ఉందని అర్థం. తాత్కాలికంగా తీసే వీలుంది, పది నిమిషాలకు తిరిగి లాక్ పడుతుంది. స్మార్ట్‌ఫోన్ లేని అవ్వాతాతలకు ఇది అయ్యే పని కాదు. వాళ్ల విషయంలో బ్యాంకు శాఖకు వెళ్లి, ఆధార్ ద్వారా నగదు తీసే సౌకర్యం ఆపమని రాతపూర్వకంగా కోరడమే మేలు. సచివాలయ సిబ్బంది పింఛను ఇచ్చే రోజే ఈ అర్జీ రాయించగలరు. ప్రభుత్వం ఆ పని వాళ్లకు అప్పగించాలి.

ఇక నకలు ఇవ్వక తప్పనప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మిగతా జిరాక్సుల మీద ఎందుకు, ఎవరికి, ఏ తేదీన ఇస్తున్నారో అక్షరాల మీదుగా అడ్డంగా రాసి సంతకం పెట్టండి. ఖాళీ మార్జిన్‌లో రాస్తే కత్తిరించేస్తారు.

గల్ఫ్ కుటుంబాలు ఫోన్ నంబరు సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇక్కడి సిమ్ 90 రోజులు వాడకపోతే రద్దయ్యే ప్రమాదం ఉంది. కొంతకాలానికి ఆ నంబరు మరొకరికి వెళ్తుంది. బ్యాంకుకు అదే లింకై ఉంటే మీ ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి. వెళ్లేముందే ఖాతాకు లింకైన ఫోన్ నంబరు మార్పించుకోవాలి, లేదా ఇంట్లోవాళ్లు రీఛార్జి ఆపకుండా చూడాలి. మీ పేరుతో ఎన్ని సిమ్‌లు ఉన్నాయో టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్ చూపిస్తుంది. తెలియని నంబరు కనిపిస్తే 'నాది కాదు' అని అక్కడే నమోదు చేయొచ్చు.

డబ్బు పోతే మొదటి ఫోన్ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి. పెద్దమనుషుల దగ్గర పంచాయితీ తర్వాత. మొత్తం, సమయం, లావాదేవీ నంబరు చెబితే డబ్బు చేరిన ఖాతాను స్తంభింపజేసే ప్రయత్నం మొదలవుతుంది. ఆలస్యమైతే అది నాలుగైదు ఖాతాలు దాటి నగదై పోతుంది. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేసి రసీదు నంబరు దాచుకోండి. అదే రోజు బ్యాంకు శాఖలో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ ముద్రకు విలువుంది. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తప్పు బ్యాంకుదీ మీదీ కానప్పుడు, లావాదేవీ సమాచారం అందిన మూడు పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం మీది కాదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో అయితే మామూలు పొదుపు ఖాతాకు గరిష్ఠంగా 10,000 రూపాయలు, జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాకు 5,000 వరకు మీరు భరించాల్సి రావచ్చు. తప్పు ఖాతాదారుదేనని నిరూపించాల్సిన బాధ్యత బ్యాంకుదే. చాలా ఇళ్లలో తల్లి ఖాతాకు ఉన్నది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు నంబరు. మెసేజ్ వచ్చిన సంగతి ఆమెకు తెలిసేలోపే ఆ గడువు కరిగిపోతుంది.

మీ పేరుతో ఎవరో అప్పు తీసుకుంటే, గొడవ ఎందుకని ఒక్క కిస్తీ కూడా కట్టకండి. కడితే ఆ అప్పు మీరు ఒప్పుకున్నట్టు వాదిస్తారు. దరఖాస్తు, కేవైసీ (గుర్తింపు) కాగితాలు, డబ్బు జమైన ఖాతా వివరాలు ఇమ్మని అప్పిచ్చిన సంస్థకు రాయండి. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 66సీ కింద గుర్తింపు చౌర్యానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. ఫిర్యాదులో ఆ సెక్షన్ రాయండి. మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తప్పు ఒకదానిలో సరిచేస్తే మిగతావాటిలోనూ పోయిందనుకోవద్దు, నాలుగింటికీ విడివిడిగా రాయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం అడగొచ్చు. బ్యాంకు 30 రోజులైనా బదులివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి రుసుము లేకుండా ఆన్‌లైన్‌లో వెళ్లొచ్చు. ముద్ర వేయించుకున్న నకలు అక్కడే జతచేయాలి.